డ్రమ్ము అడుగున జానెడు నీళ్ళు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము రచ్చ గెలిచి ఇంట ఓడిన వాళ్ళం. ఆ ఓటమి ఎంత చిన్న యంత్రం దగ్గర జరిగిందో చెబితే మా మిల్లు మిత్రులు నవ్వుకుంటారు. నవ్వుకున్నా ఫరవాలేదు. పదవీ విరమణకు ఇంకొక్క ఏడాదే మిగిలిన ఈ సమయంలో మన పత్రిక ద్వారా చెప్పుకోవలసిన మాట ఒకటి ఉన్నది కనుక చెబుతున్నాము. ఒక ఆదివారం నాడు మా కారు కడిగించుకునే తొందరలో ఒక కుర్రవాని జీవనాధారమైన యంత్రాన్ని మేము చేజేతులా పాడు చేశాము. కారణం వడగట్టని నీళ్ళు.

ముందుగా మా వృత్తిని గురించి నాలుగు మాటలు చెప్పాలి. లేకపోతే మా తప్పు ఎంత పెద్దదో పాఠకులకు తెలియదు.

భిలాయి ఉక్కు కర్మాగారపు ప్లేట్ మిల్లులో పాతికేండ్లకు పైగా మా ఉద్యోగమంతా నీళ్ళతోనే గడిచింది. "ఉక్కు కర్మాగారంలో నీళ్ళతో పనేమిటి?" అని మా ఊరి బంధువులు ఆశ్చర్యపోతుంటారు. నిప్పు ఎంత ఉన్నదో నీరూ అంత ఉండాలని, నీరు ఒక్క గడియ ఆగితే నిప్పు మన మాట వినదని వారికి నచ్చజెప్పడం కష్టం. మా విభాగం పని డీస్కేలింగు. ఫర్నేసులో సుమారు 1,200 డిగ్రీల వేడికి ఎర్రగా కాలిన స్లాబు బయటికి వచ్చేసరికి దాని ఒంటినిండా ఆక్సైడు పెచ్చు కట్టి ఉంటుంది. దానినే స్కేలు అంటాము. దానిని తొలగించకుండా రోలర్ల కిందికి పంపితే ఆ పెచ్చు ప్లేటులోకి నొక్కుకుపోయి మచ్చలుగా, గుంటలుగా మిగిలిపోతుంది. అందుచేత రోలింగుకు ముందు స్లాబుకు పైనా కిందా బారులుగా అమర్చిన నాజిళ్ళ నుండి నీటిని కొడతారు. ఉక్కు మిల్లులలో ఈ పనికి చదరపు సెంటీమీటరుకు 150 నుండి 200 కిలోల వరకు ప్రెషరు వాడటం పరిపాటి. ఆ దెబ్బకు పెచ్చు, కాల్చిన అప్పడం మీద చిటికె వేసినట్లు, పెటపెటలాడి ఎగిరిపోతుంది.

అలా కొట్టిన నీరు పారేసే నీరు కాదు. పెచ్చును, నూనె జిడ్డును మోసుకొని కాలువ వెంట స్కేలు గుంటలోకి వెళుతుంది. అక్కడ బరువైన పెచ్చు అడుగుకు దిగుతుంది. పైకి తేలిన నూనెను తీసివేస్తారు. మిగిలిన సన్నని నలుసులు తేరుడు తొట్లలోనూ, ఇసుక ఫిల్టర్లలోనూ ఆగిపోతాయి. ఆ తరువాత నీరు చల్లబడి మళ్ళీ పంపుకే చేరుతుంది. పంపు నోటి దగ్గర ఇంకొక స్ట్రెయినరు ఉంటుంది. ఇన్ని కాపలాలు ఎందుకంటే నాజిలు రంధ్రం చిన్నది, నీటి వేగం పెద్దది. ఆ రెంటి నడుమ ఒక్క ఇసుక రేణువు చిక్కినా రంధ్రం పూడిపోవడమో, అరిగి వెడల్పు కావడమో తప్పదు. పూడితే స్లాబు మీద ఒక చార కడగబడకుండా మిగిలిపోతుంది. అరిగితే ప్రెషరు పడిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు మేము చెప్పే మొదటి పాఠం ఒక్కటే: "స్ట్రెయినరు చూడనిదే పంపు బటను మీద చెయ్యి వేయరాదు." ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పామో లెక్క లేదు.

ఇక ఇంటి సంగతి.

మన పట్టణంలో కారు ఉంచుకోవడం ఎంత సుఖమో, దానిని శుభ్రంగా ఉంచుకోవడం అంత యాతన. రాజ్‌హరా గనుల ఖనిజం రంగు మన చెట్ల ఆకులకూ తెలుసు, ఆరవేసిన బట్టలకూ తెలుసు. ఆ ఎర్ర దుమ్ములో ఇనుప రేణువులు ఉంటాయి. తడిగుడ్డతో పొడిగా పడిన దుమ్మును రుద్దామంటే రంగు మీద గీతలు పడతాయి. తుడవకుండా వదిలేస్తే మంచుకు, వానకు తడిసి, ఆ రేణువులు తుప్పు పట్టి, తెల్లకారు మీద గోధుమరంగు చుక్కలుగా పాతుకుంటాయి. కనుక ముందు నీటి దెబ్బతో దుమ్మును వదిలించి, ఆ తరువాతనే గుడ్డ ముట్టించాలి. ఇది డీస్కేలింగు సూత్రమే. మా చిన్న కారు మా స్లాబు అనుకుందాము.

మా వీధిలో ప్రతి ఆదివారం ఈ పని చేసిపెట్టే కుర్రవానికి ఇరవై రెండేండ్లు ఉంటాయి. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఆ రోజులలో, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తట్టా పారా పట్టుకొని ఎందరో మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు. అతని తాతగారు ఆ తరంవారు. తాతగారికి మట్టిపని దొరికింది, తండ్రికి కాంట్రాక్టు పని దొరికింది. ఇతనికి చదువు సగంలో ఆగింది. వాళ్ళమ్మ తన పొదుపు సంఘంలో అప్పు తీసుకొని ఎనిమిది వేల రూపాయలకు ఒక ప్రెషర్ వాషర్ కొనిపెట్టింది. దానిని స్కూటీ వెనుక కట్టుకొని వీధి వీధికీ తిరిగి కార్లు, మోటారు సైకిళ్ళు కడుగుతాడు. మమ్మల్ని "బాబాయిగారూ" అని, మా ఇంటావిడను "పిన్నిగారూ" అని పిలుస్తాడు.

ఆ ఆదివారం మే నెలలో వచ్చింది. సాయంత్రం మా అమ్మాయిని చూడటానికి రాయపూర్ నుండి పెళ్ళివారు వస్తున్నారు. వారిని రైల్వే స్టేషను నుండి మా కారులోనే తీసుకురావాలి. కుర్రవాడు వచ్చేసరికి ఆలస్యమైంది, కొళాయి నీళ్ళు వెళ్ళిపోయాయి. పెరట్లో మా నీలం డ్రమ్ము మాత్రం ముప్పాతిక వంతు నిండుగా ఉన్నది. "అందులోనుంచి తోడుకో" అన్నాము.

అతడు డ్రమ్ములోకి తొంగిచూసి సంశయించాడు. "అడుగున ఏముందో తెలీదు బాబాయిగారూ. మిషను నోట్లో జాలీ కూడా చిరిగిపోయింది, కొత్తది దొరకలేదు. కొళాయి నీళ్ళయితే పరవాలేదు గానీ... రేపు పొద్దున్నే వచ్చేసి కడిగేస్తాను."

మాకు రేపటితో పని లేదు. "మాకా నాయనా నీళ్ళ సంగతి చెప్పేది? పాతికేళ్ళుగా పంపులతోనే కాపురం చేస్తున్నాము. నీళ్ళు తేటగానే ఉన్నాయి, కానీ" అన్నాము.

పైకి తేటగానే ఉన్నాయి. అడుగు చూడలేదు. ఆ డ్రమ్మును సంక్రాంతికి కడిగాము. నాలుగు నెలల ఎర్ర దుమ్ము, మిద్దె మీది నుండి జారిన ఇసుక, వేపాకుల మడ్డి అన్నీ దాని అడుగున పొరలు కట్టి ఉన్నాయి. మూత పగిలి చాలా కాలమైంది. కొత్తది తెస్తామని అనుకుంటూనే ఉన్నాము.

పెద్దవారు చెప్పారని అతడు గొట్టాన్ని డ్రమ్ములో వదిలాడు. గొట్టం బరువుకు దాని కొస నేరుగా అడుగుకు వెళ్ళి కూర్చున్నది. కారు పైకప్పు, అద్దాలు, బానెట్ బాగానే కడగబడ్డాయి. చక్రాల దగ్గరికి వచ్చేసరికి యంత్రం గొంతు మారింది. ఏకధారగా రావలసిన జెట్టు ఎక్కిళ్ళు పట్టినట్లు ఆగి ఆగి రాసాగింది. ఆ చప్పుడు మాకు కొత్త కాదు. మిల్లులో అయితే పరుగెత్తి వెళ్ళి పంపు ఆపేవాళ్ళము. ఆ చప్పుడు విని కూడా ఆపకుండా ఉన్నవానిని నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టేవాళ్ళము. ఆ కుర్రవాడు మా వైపు చూశాడు. మేము గడియారం చూసుకొని "ఇంకొక్క అయిదు నిమిషాలు. చక్రాలు కూడా అయిపోనీ" అన్నాము.

ఆ అయిదు నిమిషాలే మా తప్పు. మొదటిది తెలియక చేశామని సర్దిచెప్పుకోవచ్చు. రెండవది తెలిసి చేసినది.

పెళ్ళివారు వచ్చారు, వెళ్ళారు. కారు మెరుస్తున్నదో లేదో వారిలో ఒక్కరూ చూడలేదు.

మరుసటి ఆదివారం అతడు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఎండలకు ఊరు వెళ్ళాడేమో అనుకున్నాము. మూడవ వారం మా ఇంటావిడకు సెక్టార్ 5 బాలాజీ గుడిలో వాళ్ళమ్మ కనిపించింది. అబ్బాయి ఒక గోదాములో మూటలు మోస్తున్నాడని, సంఘం వాయిదా కట్టాలి కనుక తప్పలేదని చెప్పిందట. మిషను ఏమయిందని అడిగితే, "దానికి వయసైపోయిందట అమ్మా, ఇంక పని చెయ్యదట" అన్నదట. ఆ యంత్రం కొని ఏడు నెలలే అయింది. తల్లి దగ్గర కూడా అతడు మా పేరు ఎత్తలేదు.

మా ఇంటావిడ ఈ మాట చెప్పి ఊరుకున్నది. మమ్మల్ని ఏమీ అనలేదు. ఆమె అనకపోవడం వలన ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు సాయంత్రం పనిముట్ల పెట్టె పట్టుకొని క్యాంపులో వాళ్ళింటికి వెళ్ళాము. అతడు లేచి నిలబడి కుర్చీ వేశాడు. "తప్పు మాది బాబూ. కొత్త మిషను కొనిపెడతాము" అన్నాము. అతడు కొంతసేపు నేల చూసి, మెల్లగా ఇలా అన్నాడు: "మీరు కొనిస్తే అది మీ మిషను అవుతుంది బాబాయిగారూ. నాది నాకు బాగుచేసి ఇవ్వండి చాలు. ఎందుకు పాడయిందో కూడా చూపించండి."

అరుగు మీద పాత పత్రిక పరిచి, ఇద్దరమూ కలిసి ఆ పంపును విప్పాము. ఇళ్ళలో వాడే ఇటువంటి యంత్రంలో మోటారుకు ఒక ఏటవాలు పళ్ళెం బిగించి ఉంటుంది. అది తిరుగుతున్నప్పుడు వేలి లావు ప్లంజర్లు మూడింటిని ఒకదాని తరువాత ఒకటిగా ముందుకు నెడుతుంది. ఒక్కొక్క ప్లంజరుకు నీరు లోపలికి వచ్చే వాల్వు ఒకటి, బయటికి పోయే వాల్వు ఒకటి. చిన్న స్ప్రింగు, చిన్న మూత, అంతే. ప్లంజరు చుట్టూ రబ్బరు సీలు. ఇన్ని సున్నితమైన వస్తువులు కలిసి నిమిషానికి అయిదారు లీటర్ల నీటిని వంద కిలోల పైచిలుకు ప్రెషరుకు తీసుకువెళతాయి.

విప్పి చూస్తే మా నిర్వాకం కళ్ళకు కట్టింది. రెండు వాల్వుల పీటల మీద ఇసుక రేణువులు కూర్చొని ఉన్నాయి. మూత పూర్తిగా పడనందువలన కొట్టిన నీరు వెనక్కు వచ్చి జెట్టు ఎక్కిళ్ళు పెట్టింది. సీళ్ళ అంచులు కత్తితో కోసినట్లు తెగి ఉన్నాయి. తెగిన చోటు నుండి నీరు నూనెలోకి దిగి, నూనె పాలు కలిపిన టీలా మారింది. ఒక ప్లంజరు మీద నిలువునా గీతలు పడ్డాయి. గోరుతో తాకితే తగులుతున్నాయి. ఆ గీతలను అతని చేత కూడా తాకించాము. "ఇంత చిన్న ఇసుకేనా ఇంత పని చేసింది?" అన్నాడు. ఇసుక ఒక్కటే కాదని మాకు తెలుసు.

సీళ్ళు, వాల్వులు, నూనె కొత్తవి వేశాము. గీతలు పడిన ప్లంజరు విడిగా దొరకలేదు. సన్నని పట్టుకాగితంతో నునుపు చేసి అదే బిగించాము. యంత్రం లేచింది, కానీ మునుపటి బిగువు రాలేదు. 120 కిలోలు చూపవలసిన గేజి 90 దగ్గర నిలిచిపోయింది. కార్లకు అది చాలునన్నాడు అతడు. మాకు మాత్రం ఆ తేడా ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నది.

ఇక వడపోత. ఇక్కడ కూడా మా పాండిత్యం మమ్మల్ని ఒకసారి బోర్లా పడవేసింది. ఎంత సన్నని ఫిల్టరు పెడితే అంత మంచిదని, వంటింటి వాటర్ ప్యూరిఫయర్‌కు ముందు పెట్టే అయిదు మైక్రానుల దూది గొట్టాన్ని తెచ్చి డ్రమ్ముకు, యంత్రానికి నడుమ బిగించాము. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి వెంట్రుక లావు సుమారు 70 మైక్రానులు ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు అంతా సవ్యంగానే నడిచింది. తరువాత పంపులో గులకరాళ్ళు వేసి గిలకరించినట్లు చప్పుడు మొదలైంది. ఈసారి వెంటనే ఆపించాము. ఆ దూది గొట్టం ఎర్రమట్టితో పూడిపోయి నీటిని వదలడం లేదు. పంపుకు చాలినంత నీరు అందకపోతే లోపల నీటిలోనే ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని కొరుకుతాయి. మురికి నీరు పంపుకు ఎంత చేటో, దాహం కూడా అంత చేటు. కొళాయి ప్రెషరు వెనుక నుండి నెడుతున్నప్పుడు సన్నని ఫిల్టరు పనికివస్తుంది. డ్రమ్ము నుండి పంపు తానే పీల్చుకోవలసి వచ్చినప్పుడు అది గొంతు నొక్కినట్లే.

ఆ రాత్రి మాకు మా అమ్మ గుర్తుకువచ్చింది. మా ఊరు నాగావళి ఒడ్డున ఉన్నది. వేసవిలో ఏరు సన్నగిల్లినప్పుడు ఆడవాళ్ళు ఏటి నీటిని నేరుగా ముంచుకునేవారు కారు. పాయకు కొంత దూరంలో ఇసుకలో చెలమ తీసేవారు. మొదట ఊరిన బురద నీటిని పారబోసి, తేట ఊరే వరకు కూర్చొని కబుర్లు చెప్పుకునేవారు. ఆ తరువాత చిప్పతో పైపైన తోడి, బిందె మూతికి కట్టిన గుడ్డలో పోసేవారు. వానాకాలం ఎర్రనీరు వస్తే చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేవారు. తెల్లవారేసరికి మట్టంతా అడుగుకు దిగేది. ఆ అడుగు నీటిని అమ్మ ఏనాడూ కదిపేది కాదు, అది అరటి పాదుకే. మరోడా జలాశయం నుండి వచ్చే నీటికైనా, తాండులా, గంగ్రేల్ ఆనకట్టల నుండి కాలువల వెంట వచ్చే నీటికైనా, ఏ పట్టణపు నీళ్ళ కర్మాగారంలోనైనా జరిగేది ఇదే వరుస. చిల్లగింజకు బదులు పటిక, చెలమకు బదులు ఇసుక పడక, ఆపైన క్లోరిను. మా స్కేలు గుంట కూడా అదే వరుసలో ఒక మెట్టు. తేర్చడం ముందు, వడగట్టడం తరువాత. మేము ఆ మొదటి మెట్టును వదిలేసి, రెండవ మెట్టు మీదకు దూకాము.

లెక్క కూడా అదే చెబుతుంది. ఇసుక రేణువు డ్రమ్ములో కొన్ని నిమిషాలలోనే అడుగుకు చేరుతుంది. సన్నని బంకమట్టి తేరడానికి రోజులు పడుతుంది. పంపును ముఖ్యంగా కోసేది ఇసుక. కనుక డ్రమ్మును కదపకుండా ఒక రాత్రి ఉంచితే ఫిల్టరు చేయవలసిన పనిలో చాలా భాగం భూమి ఆకర్షణే ఉచితంగా చేసిపెడుతుంది. అడుగు కదలకుండా పైనీటిని తీసుకుంటే చాలు.

ఆ ప్రకారం ఇప్పుడు మా పెరటి ఏర్పాటు ఇలా ఉన్నది. డ్రమ్మును బాగా కడిగి, రెండడుగుల ఎత్తు ఇటుక అరుగు మీద ఎక్కించాము. అడుగు నుండి జానెడు ఎత్తున రంధ్రం వేసి ఇత్తడి కొళాయి బిగించాము. ఆ జానెడు నీటిని ఎన్నడూ యంత్రానికి పెట్టము. కొళాయికి, యంత్రానికి నడుమ కడిగి మళ్ళీ వాడుకోదగిన 50 మైక్రానుల జాలీ ఫిల్టరు ఒకటి పెద్ద గిన్నె సైజుది పెట్టాము. గిన్నె పారదర్శకంగా ఉన్నందువలన మట్టి పేరుకుంటే బయటికే కనిపిస్తుంది. యంత్రం నోటిలో చిరిగిన జాలీకి బదులు కొత్తది వేశాము. నీరు పై నుండి తానుగా దిగుతున్నది కనుక పంపుకు దాహం లేదు. యంత్రం మొదలుపెట్టే ముందు గన్ను మీట నొక్కిపట్టి, గొట్టంలోని గాలి అంతా పోయి నీరు ఏకధారగా వచ్చాకనే స్విచ్చి వేస్తాడు అతడు. కొత్త మూత కూడా తెచ్చాము.

ఈ వడపోత వలన పోనిది ఒకటి ఉన్నది. అది మా ఇంటావిడ కనిపెట్టింది. ఫిల్టరు పెట్టాక కూడా నల్లని డాష్ పక్కన, తలుపుల మీద నీరు ఆరిన చోట తెల్లని మచ్చలు మిగిలాయి. ఫిల్టరు పని చేయడం లేదేమోనని మేము కంగారుపడితే, "ఉప్పు నీళ్ళను గుడ్డలో వడగడితే ఉప్పు గుడ్డలో ఆగుతుందా?" అని అడిగింది. నిజమే. నలుసులు వేరు, కరిగిన లవణాలు వేరు. కాల్షియము, మెగ్నీషియము కరిగి ఉన్న నీరు ఎంత సన్నని జాలీ గుండా అయినా వెళ్ళిపోతుంది, ఎండకు ఆరినప్పుడు మచ్చను వదిలిపోతుంది. బోరు నీళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీటితో కారు కడిగి పొదుపు చేశామనుకునే మిత్రులు గమనించాలి. ఆ నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. దానిని దుమ్ము వదిలించడానికి వాడుకొని, చివరి కడుగు మాత్రం మంచి నీటితో చేసుకోవడం మేలు. లవణాలను తొలగించే రెజిను పరికరాలు ఉన్నాయి గాని, ఒక్క కారుకు అంత హంగు అవసరం లేదు. నీడలో కడిగి, నీరు ఆరకముందే మెత్తని గుడ్డతో అద్దితే చాలు. నాజిలులో తెల్లని పెచ్చు కట్టితే కొంతసేపు వెనిగరులో నానబెట్టి కడుగుతున్నాము.

నీటి ఖర్చు మాట కూడా చెప్పాలి. మామూలు గొట్టంతో నిమిషానికి పది, పదిహేను లీటర్లు పోతాయి. ఈ యంత్రంతో అయిదారు లీటర్లే పోతాయి. కానీ గన్ను చేతిలో ఉన్నప్పుడు మనిషికి ఆపబుద్ధి కాదు. ఎనిమిది నిమిషాలు కొడితే దాదాపు యాభై లీటర్లు. మా నాయనగారు తమ సైకిలును అరబాల్చీ నీళ్ళతో, ఒక పాత పంచె ముక్కతో అద్దంలా చేసేవారు. యంత్రం పొదుపు చేయదు, పట్టుకున్న చెయ్యి చేస్తుంది.

కుర్రవాడు ఇప్పుడు మళ్ళీ ఆదివారాలు వస్తున్నాడు. విడిభాగాల డబ్బు మా చేత పెట్టించడానికి ఒప్పుకున్నాడు. ఆగిపోయిన వాయిదాల సంగతి మా ఇంటావిడ, వాళ్ళమ్మ గుడిలోనే మాట్లాడుకున్నారు. ఆ వివరం మాకు చెప్పలేదు, మేము అడగలేదు. తన స్కూటీ మీద యంత్రంతో పాటు ఒక చిన్న జాలీ ఫిల్టరును కూడా కట్టుకొని తిరుగుతున్నాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు నీటిని దోసిట్లోకి తీసుకొని చూస్తాడట. బాగాలేకపోతే "రేపు వస్తాను" అంటాడట. కొందరు కోప్పడతారట. "మీరు కోప్పడినప్పుడే భయపడకుండా ఉండాల్సింది బాబాయిగారూ" అని ఒకనాడు నవ్వుతూ అన్నాడు. ఆ మాట మాకు తగలవలసిన చోటే తగిలింది. మిల్లులో కొత్తగా చేరిన పిల్లవాడు "సార్, చప్పుడు తేడాగా ఉంది" అంటే పని ఆపి వినాలని మాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనవసరం లేదు. అదే మాట గేటు బయట, మన పెరట్లో, మన జీతం మీద ఆధారపడిన ఒక పేద కుర్రవాడు అంటే మాత్రం అది మన చెవికి ఎక్కలేదు. మిల్లులో నీటిని వడగట్టడానికి మూడు మెట్లు ఉన్నాయి. మన అహంకారాన్ని వడగట్టడానికి ఇంట్లో ఒక్కటీ లేదు.

మొన్నటి ఆదివారం మేము మళ్ళీ తొందరలోనే ఉన్నాము. మా అమ్మాయి నిశ్చితార్థం పనుల మీద దుర్గ్ వెళ్ళవలసి ఉన్నది. అతడు వచ్చి కొళాయి తిప్పి, ఫిల్టరు గిన్నె వైపు చూసి, మళ్ళీ కట్టేశాడు. ముందు రోజు గాలిదుమారానికి డ్రమ్ము మూత పక్కకు జరిగింది. నీళ్ళు కలక బారి ఉన్నాయి. అతడు ఏమీ అనలేదు. మా వైపు చూశాడు, అంతే.

గడియారం తీసి జేబులో పెట్టుకున్నాము. ఇద్దరమూ చెరొక వైపు పట్టి డ్రమ్మును అరుగు మీది నుండి దింపి, నీళ్ళన్నీ అరటి పాదులో ఒంపాము. ఆ ఆదివారం కారు కడగలేదు. డ్రమ్ము కడిగాము. దుర్గ్‌కు దుమ్ము కారులోనే వెళ్ళాము.